విదేశీ మహాసభలో మడ అడవి

వేర్వేరు వృత్తులలో ఉన్నవారు ప్రతిఫలం ఆశించకుండా తమ సమయాన్నీ, సంపాదనలో కొంత భాగాన్నీ సమాజ అవసరాలకు వెచ్చించేందుకు ఏర్పరచుకొన్న స్వచ్ఛంద సంస్థలను సేవా సంఘాలని వ్యవహరిస్తారు. వీటిలో ప్రపంచవ్యాప్తంగా పేరు పొందినవి రెండు. 1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని షికాగో నగరంలో పాల్ హారిస్ అనే న్యాయవాది ముగ్గురు మిత్రులతో ప్రారంభించిన రోటరీ మొదటిది కాగా, అదే నగరంలో 1917లో మెల్విన్ జోన్స్ చొరవతో రూపుదిద్దుకొన్న లయన్స్ రెండవది. నేడు రోటరీకి దాదాపు 12 లక్షల మంది, లయన్స్‌కు అంతకు మించి సభ్యులు ఉన్నారు. తెలుగు నేలపై జిల్లా కేంద్రాలలోనే కాక అనేక చిన్న పట్టణాలలో కూడా రోటరీ కంటి ఆసుపత్రి, లయన్స్ రక్తదాన శిబిరం వంటి పేర్లు జనం నోట నలుగుతూ ఉండటం ఈ సంఘాలు ఎంత లోతుగా వేళ్లూనుకొన్నాయో చెబుతుంది.

ఈ రెండు సంఘాలూ ఏడాదికొకసారి, మే నుంచి జులై వరకు ఉండే కాలంలో, ఏదో ఒక దేశపు మహానగరంలో అంతర్జాతీయ మహాసభ జరుపుకొంటాయి. ప్రసంగాలు, ఎన్నికలు, దేశాల వారీ ఊరేగింపులు ఈ సభలలో కన్నుల పండువగా సాగుతాయి గాని, సేవాకార్యక్రమాల దృష్టితో చూస్తే వీటన్నిటికన్నా ముఖ్యమైనది ప్రదర్శనశాల. రోటరీలో దీనిని హౌస్ ఆఫ్ ఫ్రెండ్‌షిప్ అంటారు. వివిధ దేశాల క్లబ్బులు తమ తమ కార్యక్రమాలను చిత్రపటాలతో, నమూనాలతో, చిన్న చిన్న వీడియోలతో వివరించే స్టాళ్లు ఇక్కడ వరుసగా ఏర్పాటవుతాయి. మంచినీటి పథకాలు, బడి భవనాలు, కృత్రిమ అవయవాలు దశాబ్దాలుగా ఏలిన ఈ స్టాళ్లలో ఇటీవలి సంవత్సరాలలో చెరువుల పునరుద్ధరణ, తేనెటీగల పరిరక్షణ, తీరప్రాంత అడవుల పెంపకం వంటి ప్రకృతి పరిరక్షణ కార్యక్రమాలు కూడా చోటు సంపాదించుకొన్నాయి. ప్రకృతి పరిరక్షణను ఒక స్టాల్‌లో చూపించే పద్ధతి ఆ పరిరక్షణనే ఏ విధంగా మార్చగలదన్నది ఈ వ్యాసంలో పరిశీలించవలసిన విషయం.

రోటరీ మహాసభ అమెరికా వెలుపల తొలిసారి జరిగింది 1921లో, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో. ప్రతినిధులు ఓడలలో అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి ఆ సభకు చేరుకొన్నారు. అప్పటినుంచి మహాసభ ఇతర దేశాలకూ వెళ్లడం మొదలైంది; 1961లో టోక్యో సభతో అది ఆసియాకూ వచ్చింది. ఈ సభలకు ఒక ఆర్థిక ప్రాధాన్యం కూడా ఉన్న సంగతి బయటివారికి అంతగా తెలియదు. రోటరీ ఫౌండేషన్ పెద్ద పథకాలకు ఇచ్చే సహాయాన్ని గ్లోబల్ గ్రాంట్ అంటారు. దానికి అర్హత పొందాలంటే పథకపు వ్యయం కనీసం 30,000 డాలర్లు ఉండాలి. పని జరిగే ప్రాంతంలోని క్లబ్బుతో పాటు మరో దేశపు క్లబ్బు భాగస్వామిగా చేరి తీరాలి. స్థానిక ప్రజల అవసరాలేమిటో ముందుగా అంచనా వేసి నివేదించాలి. అందువల్ల పథకం ఎంత మంచిదైనా, మరో దేశంలో దానిని నమ్మే ఒక క్లబ్బు దొరికేంతవరకు అది ఈ నిధిని అందుకోలేదు. మహాసభలోని స్టాల్ ఆ నమ్మకాన్ని సంపాదించుకొనే చోటు. దారిన పోయే ప్రతినిధి నాలుగు నిమిషాలు ఆగి, రెండు ప్రశ్నలు వేసి, చిరునామా పత్రం ఇచ్చి వెళ్లడం చూసేవారికి మర్యాదగా మాత్రమే కనిపించవచ్చు. అనేక పథకాలకు పునాది పడేది ఆ నాలుగు నిమిషాలలోనే.

ప్రకృతి పరిరక్షణ ఈ సంఘాలకు కొత్త ఆలోచన కాదు. పాల్ హారిస్ తన విదేశీ పర్యటనలలో స్నేహానికి గుర్తుగా అనేక దేశాలలో చెట్లు నాటాడు. 1990-91లో రోటరీ అంతర్జాతీయ అధ్యక్షుడిగా ఉన్న బ్రెజిల్ దేశీయుడు పాలో కోస్టా భూగ్రహ పరిరక్షణ పేరిట ఒక ప్రత్యేక కార్యక్రమాన్ని చేపట్టి క్లబ్బులను పర్యావరణం వైపు మళ్లించాడు. 2011-12లో లయన్స్ అధ్యక్షుడైన హాంకాంగ్ వాసి వింగ్ కున్ టామ్ 10 లక్షల మొక్కలు నాటుదామని పిలుపునిస్తే, ఆ ఏడాది ముగిసేలోగా సభ్యులు నాటినవి కోటి దాటాయి. 2017-18లో రోటరీ అధ్యక్షత వహించిన ఆస్ట్రేలియా దేశీయుడు ఇయాన్ రైజ్లీ, సభ్యుడికొక మొక్క చొప్పున 2018 ఏప్రిల్ 22, అంటే ధరిత్రీ దినోత్సవం నాటికి నాటాలని కోరాడు. లయన్స్ తమ శతాబ్ది సందర్భంలో పర్యావరణాన్ని ప్రధాన సేవారంగాలలో ఒకటిగా స్వీకరించగా, రోటరీ 2020 జూన్‌లో దానిని తన ఏడవ ప్రధాన రంగంగా ప్రకటించి, 2021 జులై 1 నుంచి ఆ రంగంలో గ్లోబల్ గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకు ముందు చెరువు బాగుచేయాలన్నా దానిని తాగునీటి పథకంగానో, ఉపాధి పథకంగానో చూపవలసి వచ్చేది. ఇప్పుడు భూమి, తీరం, సముద్రం, మంచినీటి వనరుల రక్షణను నేరుగా ఆ పేరుతోనే ప్రతిపాదించవచ్చు. ఇది చిన్న మార్పు కాదు.

అయితే పైన చెప్పిన పిలుపులన్నిటిలోనూ కొలమానం ఒకటే, నాటిన మొక్కల సంఖ్య. దీనికి మూలం ఈ సంఘాల ఘనవిజయంలోనే ఉంది. 1979లో ఫిలిప్పీన్స్‌లో పిల్లలకు పోలియో టీకా ఇవ్వడంతో మొదలై, 1985లో పోలియో ప్లస్‌గా విస్తరించిన రోటరీ ఉద్యమం లెక్కల మీద నడిచిన ఉద్యమం. బిడ్డ నోట్లో పడిన ప్రతి చుక్కకూ లెక్క ఉంది, ప్రతి కేసుకూ తేదీ ఉంది. భారతదేశంలో చివరి కేసు 2011 జనవరిలో నమోదు కావడం, 2014 మార్చిలో దేశం పోలియో రహితంగా ధ్రువీకరణ పొందడం ఆ లెక్కల క్రమశిక్షణ సాధించిన ఫలితాలే. అంతటి విజయం సాధించిన పద్ధతిని చెట్లకు కూడా వర్తింపజేయాలని అనిపించడం సహజం. కాని చుక్క వేసిన మరుక్షణం ఆ పని చాలా భాగం పూర్తవుతుంది. మొక్క నాటిన మరుక్షణం పని మొదలవుతుంది. ఈ తేడాను విస్మరించిన చోటల్లా లెక్క పెరిగి అడవి తరిగింది.

దీనికి మరో చిక్కు తోడవుతుంది. రోటరీ, లయన్స్ క్లబ్బులలో అధ్యక్షుడి పదవీకాలం ఒక్క సంవత్సరం. అది జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. పదవి అందరికీ అందాలన్న ప్రజాస్వామిక భావనతో ఏర్పడిన ఈ నియమం సంఘాలను చాలా విధాలుగా బతికించింది. కాని మహాసభ ఆ సంవత్సరం ముగిసే వేళకు కాస్త అటూ ఇటూగా రావడం వల్ల, అధ్యక్షుడు తన ఏడాదిలో తలపెట్టిన పని ఫలితాన్ని ఆ ఏడాదిలోనే స్టాల్‌లో చూపవలసిన ఒత్తిడి ఏర్పడుతుంది. కంటి ఆపరేషన్‌కు ఆ గడువు చాలు. వేటగాళ్ల నుంచి ఒక జంతువును కాపాడటానికి గాని, ఉప్పుదేలిన నేలలో అడవిని మళ్లీ లేపడానికి గాని అది ఏ మూలకూ చాలదు.

ఈ చిక్కు అత్యంత స్పష్టంగా బయటపడేది మడ అడవుల విషయంలో. నదులు సముద్రంలో కలిసే చోట, పోటు వచ్చినప్పుడు మునిగి, పాటు తీసినప్పుడు తేలే ఒండ్రునేలలలో పెరిగే చెట్ల సముదాయమే మడ అడవి. ఉప్పునీటిలో బతకడానికి ఈ చెట్లు విచిత్రమైన ఏర్పాట్లు చేసుకొన్నాయి. తెల్లమడ, నల్లమడ చెట్లు గాలి ఆడని బురదలోంచి వేళ్లను పైకి పంపి వాటితో శ్వాసిస్తాయి. ఉప్పుపొన్న గింజ తల్లిచెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవాటి ఈటెలాగా కిందికి జారి నీటిపై తేలుతూ పోయి అనువైన చోట పాతుకుంటుంది. రొయ్యలకు, పీతలకు, అనేక రకాల చేపలకు ఈ వేళ్ల మధ్య ప్రదేశం పురిటిల్లు. తుపాను వేళ ఇది తీరగ్రామాలకు అడ్డుగోడ కూడా. 1999లో ఒడిశాను ముంచెత్తిన పెనుతుపాను తరువాత కేంద్రపారా జిల్లా గ్రామాలపై జరిగిన అధ్యయనంలో, సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి ఎంత వెడల్పుగా ఉంటే ప్రాణనష్టం అంత తక్కువగా ఉన్నట్లు తేలింది. ఇంతటి మేలు చేసే అడవిని నాటుదామని తీరప్రాంత క్లబ్బులు ముందుకు రావడం మనసారా హర్షించదగినది. పైగా మోకాలి లోతు బురదలో నిలబడి మొక్కలు నాటుతున్న స్వచ్ఛంద సేవకుల ఛాయాచిత్రం ఏ దేశపు స్టాల్‌లోనైనా చూపరుల కాళ్లను ఆపుతుంది.

ఆ ఛాయాచిత్రం తీసిన తరువాత ఏమి జరిగిందో తెలుసుకోవాలంటే శాస్త్రవేత్తల నివేదికలు చూడాలి. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాల పాటు భారీ ఎత్తున నాటిన మడ మొక్కలలో చాలాకాలం బతికినవి సాధారణంగా 10 నుంచి 20 శాతమేనని 2008లో వెలువడిన ఒక సమీక్ష తేల్చింది. 2004 సునామీ తరువాత శ్రీలంకలో ప్రభుత్వ శాఖలు, స్వచ్ఛంద సంస్థలు చేపట్టిన మడ పునరుద్ధరణను 23 చోట్ల పరిశీలించిన పరిశోధకులు, తొమ్మిది చోట్ల ఒక్క మొక్క కూడా మిగలలేదని, మొత్తం 1,000 నుంచి 1,200 హెక్టార్లలో 200 హెక్టార్లకు కొంచెం మించి మాత్రమే పని ఫలించిందని 2017లో ప్రకటించారు. వైఫల్యానికి వారు చూపిన కారణాలు గమనించదగినవి. నేల ఎత్తు, పోటు నీరు ఎంతసేపు నిలుస్తుందన్నది చూడకుండా నాటడం, ఆ చోటికి తగని జాతిని ఎంచుకోవడం, నాటిన తరువాత పశువుల నుంచి కాపాడకపోవడం వాటిలో ప్రధానమైనవి. ఉప్పుపొన్న జాతి మొలకలు పెద్దవిగా ఉండి సేకరించడానికి, నర్సరీలో పెంచడానికి సులువు కావడం వల్ల చాలా చోట్ల అన్ని రకాల నేలల్లోనూ అదే నాటారు. రొయ్యల చెరువులుగా మారి పాడుబడిన భూములు మడ అడవికి అనువైనవే అయినా వాటికి హక్కుదారులూ వివాదాలూ ఉంటాయి కాబట్టి, ఎవరూ అడగని బురదమేటలపై, సహజంగా మడ పెరగని లోతుల్లో నాటారు. నాటేవారి మనసులో లోపం లేదు. సంఖ్యను అడిగే ప్రదర్శనకు సంఖ్య అందింది.

ఈ విషయంలో గోదావరి డెల్టా చెప్పగల పాఠం విలువైనది. కాకినాడ సమీపంలోని కోరింగ వన్యప్రాణి అభయారణ్యం 1978లో ఏర్పడింది. దాని విస్తీర్ణం దాదాపు 236 చదరపు కిలోమీటర్లు. చేపలు పట్టి బతికే బావురుపిల్లికి, నీటికుక్కలకు, వలసపక్షులకు అది ఆశ్రయం. ఒకప్పుడు ఇక్కడా కృష్ణా డెల్టాలోనూ కలప కోసం మడ అడవిని కూపుల వారీగా, అంటే ముక్కలుగా విభజించి, నరికిన చోట్ల నేల ఎండి, కుంగి, పళ్లెంలా తయారైంది. అలా కుంగిన చోట పోటుకు వచ్చిన నీరు తిరిగి పోయే దారి లేక నిలిచి, ఎండకు ఆవిరై, నేలలో ఉప్పు పేరుకుంది. అటువంటి నేలలో ఎన్ని మొక్కలు నాటినా బతకవు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా ప్రతిష్ఠానం శాస్త్రవేత్తలు అటవీశాఖతోనూ గ్రామస్థులతోనూ కలిసి 1990ల చివర నుంచి అనుసరించిన పద్ధతిలో మొక్కకంటే ముందు నీటిని గురించి ఆలోచించారు. వాగు నుంచి ఒక పెద్ద కాలువ తవ్వి, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలువలు తీస్తారు. పైనుంచి చూస్తే అది చేప ముల్లు ఆకారంలో ఉంటుంది కనుక దానిని చేపముల్లు కాలువల పద్ధతి అంటారు. పోటు నీరు ఈ కాలువల గుండా వచ్చి, పాటుతో తిరిగి పోతూ నేలలోని ఉప్పును కడిగివేస్తుంది. ఆ తరువాతనే కాలువ గట్ల మీద, నీటి మట్టానికి తగిన ఎత్తులో, తగిన జాతుల మొక్కలు నాటుతారు. కాలువలు పూడిపోతే పూడిక తీయడం ఆ పక్క ఊళ్ల వనసంరక్షణ సమితులు చూసుకొంటాయి. అడవి పచ్చబడటం ఉపగ్రహ చిత్రాలలో కనిపించడానికి ఏళ్లు పడుతుంది.

ఇటువంటి పనిని విదేశీ మహాసభలో ఎలా చూపాలన్నది అసలు ప్రశ్న. తవ్విన కాలువ ఫొటోలో బురదగుంటలాగే ఉంటుంది. మొదటి ఏడాది చూపడానికి పచ్చదనం ఉండదు. అటువంటప్పుడు స్టాల్‌లో పెట్టవలసినవి నేలలోని ఉప్పు శాతం కాలువకు ముందు ఎంత, తరువాత ఎంత అన్న కొలతలు. ఒకే చోట, ఒకే కోణం నుంచి, ఏటా ఒకే నెలలో తీసిన చిత్రాలు. నాటిన వాటిలో ఎన్ని చచ్చాయన్న లెక్క. ఈ చివరి లెక్కను దాచకుండా గోడపై రాసిపెట్టే క్లబ్బుకే విదేశీ భాగస్వామి నమ్మకంగా చేయి అందించాలి. ఎందుకంటే మరణాల లెక్క రాయగలవారు మాత్రమే మొక్కల వద్దకు మళ్లీ వెళ్లినవారు. రోటరీలో పర్యావరణ సుస్థిరత కార్యాచరణ బృందం అనే పేరుతో, ఈ రంగంలో అనుభవం ఉన్న సభ్యులు ఇతర క్లబ్బులకు సాంకేతిక సలహాలిచ్చే ఒక వేదిక ఉంది. మహాసభలకు వచ్చే క్లబ్బులు ప్రచార పత్రాలతో పాటు తమ నేల పరీక్షల వివరాలను కూడా అటువంటివారి ముందు పరచి విమర్శ కోరితే, ప్రయాణ ఖర్చుకు తగిన ఫలం దక్కుతుంది.

2024 మే నెలలో రోటరీ మహాసభ సింగపూర్‌లో జరిగింది. ప్రకృతి పరిరక్షణను గురించి మాట్లాడేవారు ఆ నగరం నుంచి నేర్చుకోవలసింది ఎంతో ఉంది. అక్కడి మెరీనా బే ప్రాంతమే సముద్రాన్ని పూడ్చి సంపాదించిన నేల. 1960లలో సుమారు 580 చదరపు కిలోమీటర్లు ఉన్న ఆ దేశ విస్తీర్ణం ఇలాంటి పూడికల వల్ల నేడు 730 దాటింది. ఆ క్రమంలోనూ, నదీముఖాలకు అడ్డుకట్టలు వేసి జలాశయాలు నిర్మించడంలోనూ, దాని మడ అడవులలో అధిక భాగం అంతరించింది. మిగిలిన వాటిలో సుంగై బులో చిత్తడి నేలను ప్రకృతి ప్రేమికుల విజ్ఞప్తి మేరకు ఉద్యానవనంగా మార్చి 1993లో ప్రజలకు తెరిచారు, 2002లో చట్టబద్ధమైన రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. పోగొట్టుకొన్నదాన్ని తిరిగి పెంచుకోవడం కన్నా మిగిలినదాన్ని నిలుపుకోవడం ఎంత తేలికో ఈ ఉదాహరణ చెబుతుంది. మహాసభకు వెళ్లిన క్లబ్బులు స్టాల్ సర్దుకొన్నాక ఒక పూట ఇటువంటి చోట నడిచి రావడం కూడా కార్యక్రమంలో భాగం కావాలి. వేలమంది విమానాలలో వచ్చి వాతావరణ మార్పును గురించి చర్చించడం న్యాయమా అన్న ప్రశ్న తరచు వినిపిస్తుంది. ఆ ప్రశ్నలో బలం ఉంది. దానికి జవాబు ఆ ప్రయాణం వెనుక నిలిచే పనిలోనే ఉండాలి తప్ప సభలో చేసే తీర్మానంలో కాదు.

భారతదేశపు క్లబ్బులకు సంబంధించినంతవరకు మరి రెండు విషయాలు గుర్తుంచుకోదగినవి. విదేశీ విరాళాలను 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి లోబడి, అనుమతి పొందిన సంస్థ ద్వారానే స్వీకరించాలి కనుక స్టాల్ వద్ద కుదిరిన స్నేహం నిధిగా మారడానికి ఓపిక అవసరం. రెండవది, మడ అడవులు తీరప్రాంత నియంత్రణ నిబంధనలలో అత్యంత సున్నితమైన శ్రేణికి చెందినవి. అభయారణ్యంలో గాని రక్షిత అటవీ భూమిలో గాని అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క కాలువ కూడా తవ్వరాదు. ఈ రెండింటికీ మించినది స్థానిక మత్స్యకారుల అంగీకారం. ఏ వాగులో ఏ నెలలో ఉప్పు ఎక్కుతుందో, ఏ మేట ఎప్పుడు కదులుతుందో తరతరాలుగా తెలిసినవారు వారే. ఆ నేలలో వారు పీతలు పట్టే దారులను మూసివేసే విధంగా మొక్కలు నాటితే ఆ మొక్కలను కాపాడే బాధ్యత వారు తీసుకోరు. గ్లోబల్ గ్రాంట్ నిబంధనలు కోరే స్థానిక అవసరాల అంచనా ఈ సంభాషణకు సరైన అవకాశం; దానిని దరఖాస్తులో ఒక గడిగా భావించి నింపడం పథకానికి మొదటి దెబ్బ. వీలైనప్పుడు ఆ ఊరి మనిషే స్టాల్‌లో నిలబడి, తెలుగులోనే చెప్పి, పక్కన ఒకరు అనువదిస్తే, విదేశీ క్లబ్బుకు చేరే సమాచారం చిత్రపటాలు ఇచ్చే సమాచారం కన్నా నికరంగా ఉంటుంది.

గ్లోబల్ గ్రాంట్ పొందిన క్లబ్బు మొదటి విడత సొమ్ము అందిన ఏడాదిలోగా ప్రగతి నివేదికను, పని ముగిసిన రెండు నెలలలోగా తుది నివేదికను సమర్పించాలి. బావి తవ్వకానికి, ఆసుపత్రి పరికరానికి ఇది సబబే గాని, నాటిన మడ మొక్క మొదటి రెండు మూడు వర్షాకాలాలను, కనీసం ఒక తుపానును తట్టుకొనేలోపు ఆ ఫైలు మూసివేయబడుతుంది. కాబట్టి తీరప్రాంత క్లబ్బులు తమ తీర్మానపు పుస్తకాలలో తామే ఒక నియమం రాసుకోవాలి: ఒక పునరుద్ధరణ పథకాన్ని అంతర్జాతీయ మహాసభలో ప్రదర్శించిన క్లబ్బు, అధ్యక్షులు మారినా, మూడవ ఏడాదిలోనూ ఐదవ ఏడాదిలోనూ అదే నేల కొలతలతో మళ్లీ మహాసభలో స్టాల్ తీసుకోవాలి. అందుకయ్యే ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే కేటాయించాలి. విదేశీ భాగస్వామి క్లబ్బు కూడా తన వాటా సొమ్మును పంపే ముందు ఈ తేదీలను లిఖితపూర్వకంగా అడిగి తీసుకోవాలి.